రాయి చెప్పిందెంత, మనం కలిపిందెంత

చిరంజీవులకు ఆశీస్సులు.

నకిరేకల్ దగ్గర చందుపట్లలో ఒక శాసనం ఉంది. శక సంవత్సరం 1211, విరోధి నామ సంవత్సరం, మార్గశిరం. శకానికి 78 కలిపితే క్రీ.శ. 1289. (పుష్యం తర్వాతి నెలలైతే 79 కలపాల్సి వస్తుంది, అక్కడ చాలామంది ఒక ఏడాది తప్పుతారు.) కాకతి రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకానికి వెళ్లారు, వారి పుణ్యానికి పువ్వుల ముమ్మడి అనే ఆయన దేవుడికి భూమి ఇచ్చాడు. దాని సారం ఇంతే.

రుద్రమ తన సామంతుడు అంబదేవుడితో పోరాడుతూ చనిపోయిందని మీరు వినే ఉంటారు. రాయి మీద యుద్ధం ఊసే లేదు. అంబదేవుడి పేరూ లేదు. రాణి, నాయకుడు ఒకేసారి పోయారు, అంబదేవుడు అప్పటికే తిరగబడ్డాడు, కాబట్టి యుద్ధమే అయ్యుంటుందని చరిత్రకారులు లెక్కగట్టారు. గట్టి లెక్కే. అయినా నోట్సులో శాసనం మాటను నల్ల సిరాతో, ఈ లెక్కను ఎర్ర సిరాతో రాసుకోండి.

అట్లని ముమ్మడి ఏదో దాచాడనకండి. దానశాసనం ఇప్పటి రిజిస్ట్రేషన్ కాగితం లాంటిది. ఎవరిచ్చారు, ఎవరికి, ఎంత భూమి, ఏ రోజు అన్నది ఉంటుంది. చివర, ఆ భూమి కాజేసేవాళ్లకు తరచుగా ఒక శాపం. పొలం కాగితంలో అమ్మినాయన తండ్రి ఎట్ల పోయాడో వెతుకుతామా? త్రిపురాంతకంలో అంబదేవుడి శాసనం అట్ల కాదు, గెలుపులు చాటుకోవడానికి చెక్కించింది. ఓడిన రాజుల వరుస చదివేటప్పుడు, ఆ ఓటమిని ఓడినవాళ్ల శాసనం గానీ మూడోవాళ్లది గానీ ఒప్పుకుంటుందా అని చూడాలి.

బయటివాడికి పక్షం ఉండదనుకుంటే అదీ పొరపాటే. మార్కో పోలో మోటుపల్లి రాజ్యాన్ని ఏలే రాణిని మెచ్చుకున్నాడు. కానీ ఆమె భర్త పోయాక 40 ఏళ్లు ఏలిందని రాశాడు. రుద్రమకు రాజ్యం వచ్చింది తండ్రి గణపతిదేవుడి నుంచి, ఏలింది ఇంచుమించు 27 ఏళ్లు. రాణి అనగానే రాజు భార్యే అనుకున్నాడేమో. అక్కడి వజ్రాల గురించి, సన్నబట్టల గురించి అడిగితే మాత్రం అతని మాటకు విలువ ఎక్కువ, వర్తకుడు కదా.

1940ల నాటి నల్లగొండ రైతుల సాయుధ పోరాటం కాగితాలు చదివితే ముందు పేర్లు చూడండి. ఊళ్లో ‘సంగపోళ్లు’ (సంఘం వాళ్లు) అన్నవాళ్లనే నిజాం సర్కారు దోపిడీదార్లంది. పేరు పెట్టడంలోనే తీర్పు అయిపోయింది.

పానగల్లు మ్యూజియానికి పోయినప్పుడు శాసనాల మీద చాక్‌పీసు పెట్టకండి. చెరిగిన చోట మనకు తోచిన అక్షరమే దిద్దుతాం, తర్వాత వచ్చినవాడు అదే చదువుతాడు. టార్చి లైటు పక్కనుంచి, రాతికి ఆనించినట్టు వేస్తే గీతల నీడలు లేస్తాయి. మూడు వైపుల నుంచి ఫొటో తీయండి. తెలియని అక్షరం దగ్గర చుక్క పెట్టి వదిలేయండి.

మీ తాత