ఊపిరి లెక్కపెట్టే నిమిషం

ఆసుపత్రి వార్డులో పది మంది రోగుల ఛార్టులు తీసి పక్కపక్కన పెట్టి చూడండి. జ్వరం గడిలో పది రకాల అంకెలు కనిపిస్తాయి. నాడి గడిలోనూ, రక్తపోటు గడిలోనూ అంతే. శ్వాసవేగం గడికి వచ్చేసరికి మాత్రం 18, 20, 18, 20 అని వరసగా ఉంటుంది. పది మంది మనుషులు ఒకే తాళంలో ఊపిరి తీయరు. ఆ అంకెల్లో చాలావరకు లెక్కపెట్టి రాసినవి కావు, అలవాటుగా పడినవి. జ్వరానికి థర్మామీటరు ఉంది, రక్తపోటుకు యంత్రం ఉంది, ఆక్సిజన్‌కు వేలికి తగిలించే క్లిప్పు ఉంది. శ్వాసకు కావలసింది ఒక మనిషి, ఒక గడియారం, ఒక పూర్తి నిమిషం. వార్డులో అన్నిటికంటే కరువైనది ఆ నిమిషమే.

నర్సింగ్ విద్యార్థులకు శ్వాస సమస్యల పాఠం మొదలుపెట్టిన ప్రతిసారీ నేను ముందుగా అక్కడే ఆగుతాను. యంత్రాల సంగతి తర్వాత నేర్చుకోవచ్చు.

ఊపిరి లెక్కపెట్టడంలో ఒక చిక్కు ఉంది. గుండెను ఆపమంటే ఆగదు, ఊపిరిని బిగబట్టమంటే ఆగుతుంది. అందుకే ‘మీ ఊపిరి లెక్కపెడుతున్నాను’ అని చెప్పిన మరుక్షణం రోగి శ్వాస తీరు మారిపోతుంది. అనుభవమున్న నర్సులకు దీనికి ఒక ఉపాయం తెలుసు. మణికట్టు పట్టుకుని నాడి చూస్తారు. నాడి చూడటం పూర్తయ్యాక కూడా చెయ్యి వదలరు. చూపు మాత్రం మెల్లగా ఛాతీ మీదికి మళ్లుతుంది. రోగి ఇంకా నాడే చూస్తున్నారనుకుంటారు. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో హెచ్చిస్తే కాలం కలిసివస్తుంది కానీ, అక్కడ ఒక్క ఊపిరి తప్పితే నిమిషానికి నాలుగు తప్పుతాయి. 20కీ 24కీ మధ్య ఉన్నది కూడా సరిగ్గా ఆ నాలుగే.

విశ్రాంతిగా ఉన్న పెద్దవారు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తారు. బ్రిటన్ ఆసుపత్రుల్లో వాడే ముందస్తు హెచ్చరిక పట్టికలో శ్వాసవేగం 25కి చేరితే ఆ ఒక్క కారణానికే గరిష్ఠంగా మూడు ప్రమాద మార్కులు పడతాయి. 8కి పడిపోయినా మూడే. పిల్లల లెక్క వేరు. దగ్గుతో వచ్చిన బిడ్డకు న్యుమోనియా ఉందేమో అనుమానించడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన గుర్తు ఎక్స్‌రే కాదు, ఊపిరి లెక్కే: రెండు నెలల లోపు పసికందుకు నిమిషానికి 60, ఏడాది లోపు బిడ్డకు 50, ఒకటి నుంచి ఐదేళ్ల వయసుకు 40, ఆ అంకెకు చేరినా, దాటినా జాగ్రత్తపడాలి. దీనితోపాటు ఊపిరి తీసినప్పుడల్లా డొక్కలు లోపలికి పోతున్నాయా అన్నది చూడాలి. ‘బిడ్డ డొక్కలు ఎగరేస్తోంది’ అని తల్లి వచ్చి చెబితే అది ఏ పరీక్ష ఫలితానికీ తీసిపోని సమాచారం.

శరీరంలో ఏదైనా చెడినప్పుడు అన్నిటికంటే ముందు శ్వాసే ఎందుకు మారుతుంది? ఎప్పుడు ఊపిరి తీయాలో నిర్ణయించే కేంద్రం మెదడు అడుగున మజ్జాముఖంలో ఉంటుంది. అది ప్రధానంగా గమనించేది ఆక్సిజన్‌ను కాదు, కార్బన్ డయాక్సైడ్‌ను. ఆ వాయువు పెరిగితే మెదడు చుట్టూ ఉన్న ద్రవంలో ఆమ్లత పెరుగుతుంది, వెంటనే శ్వాస వేగం అందుకుంటుంది. రక్తంలో వేరే కారణాల వల్ల ఆమ్లం పేరుకున్నా ఇదే జరుగుతుంది. అందుకే రక్తానికి ఇన్‌ఫెక్షన్ పాకినప్పుడు, మధుమేహం అదుపు తప్పి కీటోన్లు అనే ఆమ్లాలు పెరిగినప్పుడు, ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నా సరే, రోగి ఎగశ్వాస తీస్తూ ఉంటారు. శ్వాసవేగం ఊపిరితిత్తుల కబురు మాత్రమే కాదు, ఒళ్లంతటి కబురు.

ఇక్కడే వేలి క్లిప్పు మనల్ని ఏమరుపాటులోకి నెడుతుంది. న్యుమోనియా ముదురుతున్న ఒక మనిషిని ఊహించుకోండి. ఊపిరితిత్తి దెబ్బతిన్న మేరకు శరీరం శ్వాసవేగాన్ని పెంచి లోటు పూడ్చుకుంటుంది. నిమిషానికి 28 సార్లు రొప్పుతూ, మెడ కండరాలు బిగిస్తూ ఆ మనిషి రక్తంలో సంపాదించుకున్న ఆక్సిజన్ 96 శాతం. క్లిప్పు ఆ 96ను చూపిస్తుంది, దాన్ని సంపాదించడానికి పడుతున్న కష్టాన్ని చూపించదు. అదీగాక, హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను పట్టుకునే తీరు పీఠభూమి లాంటిది. రక్తంలో ఆక్సిజన్ పీడనం 100 నుంచి 60కి పడిపోయినా క్లిప్పు మీది అంకె 97 నుంచి 90 దాకా మాత్రమే దిగుతుంది. పీఠభూమి అక్కడితో అయిపోతుంది, ఆపైన లోయ. పీడనం మరో 20 తగ్గేసరికి 75 శాతమే మిగులుతుంది. 90 చూసి కంగారుపడే నాటికి మనిషి అంచున నిలబడి ఉన్నాడన్నమాట.

ఆసుపత్రిలో గుండె ఆగిపోయిన రోగుల గురించి 1990లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనం ఈ రంగంలో పెద్ద కుదుపు తెచ్చింది. 64 మంది కేస్‌షీట్లు వెనక్కి తిరగేసి చూస్తే, 54 మందిలో గుండె ఆగడానికి ముందు ఎనిమిది గంటల్లోపే పరిస్థితి దిగజారుతున్న గుర్తులు రాసి ఉన్నాయి. వాటిలో ఎక్కువగా కనిపించినవి శ్వాసలోనో, స్పృహలోనో వచ్చిన మార్పులు. అంటే కాగితం మీద హెచ్చరిక ఉంది, చదివి కదిలినవారే లేరు. ఆ అంకెలు నాకు ఎప్పుడు గుర్తొచ్చినా మనసు బరువెక్కుతుంది.

లెక్క ఎంత ముఖ్యమో చూపు అంతే ముఖ్యం. మంచం దగ్గరికి నడిచి వెళ్లేలోపే సగం పరీక్ష పూర్తి కావాలి. మోకాళ్ల మీదో, బల్ల మీదో చేతులు ఆనించి ముందుకు వంగి కూర్చున్నారా? భుజాలు కదలకుండా బిగిస్తే మెడ, ఛాతీ కండరాలు పక్కటెముకలను పైకి లాగడానికి ఆనుకోను ఒక ఆధారం దొరుకుతుంది. ఎవరూ నేర్పకుండానే శరీరం కనిపెట్టుకున్న భంగిమ అది. ముక్కుపుటాలు అదురుతున్నాయా? ఎలా ఉందని అడిగితే పూర్తి వాక్యం చెప్పగలుగుతున్నారా, రెండు మాటలకోసారి ఆగుతున్నారా? ఎన్ని దిండ్లు పెట్టుకుంటే నిద్ర పడుతోంది? పడుకుంటే ఆయాసం పెరిగి, లేచి కూర్చుంటే తగ్గుతుంటే గుండె మీద కూడా అనుమానం పెట్టుకోవాలి.

నీలి రంగు కోసం వేళ్ల చివర్లు మాత్రమే చూస్తే సరిపోదు, అవి చలికి కూడా నీలబడతాయి. నోరు తెరిపించి నాలుక చూడాలి. చామనఛాయ, నల్లని చర్మం ఉన్నవారిలో నాలుక, పెదవుల లోపలి భాగం, కనురెప్పల లోపలి పొర చెప్పేదే నమ్మదగిన మాట. రక్తహీనత బాగా ఉన్నవారిలో ఆక్సిజన్ ప్రమాదకరంగా పడిపోయినా నీలం కనిపించకపోవచ్చు, ఎందుకంటే ఆ రంగు రావడానికి తగినంత హిమోగ్లోబిన్ వాళ్ల దగ్గర ఉండదు.

అన్నిటికంటే ఎక్కువగా అపార్థానికి గురయ్యే గుర్తు అసహనం. రాత్రి డ్యూటీలో ఒక రోగి మాస్కు పీకేస్తారు, మంచం దిగబోతారు, ఎవరి మాటా వినరు. మొండితనమనో, మతిభ్రమణమనో అనుకుని నిద్రమందు కోసం చూడటం తేలిక. మెదడుకు ఆక్సిజన్ తగ్గితే మొదట కనిపించేది ఆ గాభరాయే. నిద్రమందు ఇస్తే ఆ మనిషిని నిలబెడుతున్న రొప్పు కూడా ఆగిపోవచ్చు. అందుకే గాభరాపడే రోగిని చూస్తే ముందు ఊపిరి, ఆక్సిజన్ చూడాలి, మందలింపు తర్వాత. దీనికి విరుద్ధమైన ప్రమాదం ఇంకొకటి ఉంది. ఇంతవరకూ రొప్పుతున్న మనిషి ఉన్నట్టుండి నెమ్మదించి మగతలోకి జారితే, కుదుటపడ్డారని సంతోషించకూడదు. కార్బన్ డయాక్సైడ్ పేరుకున్నా మగతే వస్తుంది. ఉబ్బసం తీవ్రంగా వచ్చిన రోగి ఛాతీలో పిల్లికూతలు వినిపిస్తున్నంతసేపూ గాలి కొంతైనా ఆడుతున్నట్టు లెక్క. ఆయాసం తగ్గకుండానే కూతలు మాయమై స్టెతస్కోప్‌లో నిశ్శబ్దం వినిపిస్తే అది అత్యవసర పరిస్థితి.

స్టెతస్కోప్‌ను 1816లో పారిస్‌లో రెనే లెనెక్ ఒక కాగితపు చుట్టతో మొదలుపెట్టాడు. దాన్ని ఎలా వాడాలో పుస్తకాలు వివరంగానే చెబుతాయి కనుక ఇక్కడ ఒక్క మాటే చెబుతాను: కుడి ఎడమలను పోల్చి వినండి, వీపు కింది భాగాన్ని వదిలేయకండి. మంచం పట్టిన రోగిలో ద్రవమూ కఫమూ చేరేది అక్కడే, చొక్కా పైకెత్తే ఓపిక లేక మనం వినకుండా వదిలేసేది కూడా అక్కడే.

వేలి క్లిప్పును తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. జపాన్ ఇంజనీరు తకువో అయోయాగి 1974లో దాని సూత్రాన్ని వెల్లడించకముందు ఆక్సిజన్ ఎంతుందో తెలియాలంటే సాధారణంగా ధమని నుంచి రక్తం తీయవలసివచ్చేది. ఎరుపు కాంతినీ పరారుణ కాంతినీ వేలిలోంచి పంపి, ఏది ఎంత ఇంకిపోయిందో పోల్చి అది లెక్క చెబుతుంది. వేళ్లు చల్లబడినా, గోళ్లకు ముదురు రంగు ఉన్నా, చెయ్యి వణుకుతున్నా ఆ లెక్క తప్పవచ్చు. పొగలో చిక్కుకున్నవారిలో హిమోగ్లోబిన్‌కు కార్బన్ మోనాక్సైడ్ అంటుకుంటే, క్లిప్పు దాన్నీ ఆక్సిజన్‌గానే లెక్కగట్టి అంతా బాగుందని చూపిస్తుంది. చర్మపు రంగు కూడా అడ్డువస్తుంది. 2020లో అమెరికాలో జరిగిన ఒక పరిశీలనలో, క్లిప్పు 92 నుంచి 96 చూపించిన సమయాల్లో ధమని రక్తంలో నిజంగా 88 కంటే తక్కువ ఉన్న సందర్భాలు తెల్లవారిలో నూటికి దాదాపు 4 అయితే, నల్లవారిలో దాదాపు 12. అంకె ఒకటి చెబుతూ మనిషి తీరు మరొకటి చెబుతుంటే మనిషినే నమ్మాలి.

ఆక్సిజన్ కూడా మందే. మందు అన్నాక మోతాదు ఉంటుంది, ఎక్కువైతే హాని ఉంటుంది. ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో అంబులెన్సు సిబ్బంది 405 మంది రోగులపై చేసిన పరిశీలన 2010లో వెలువడింది. ఏళ్ల తరబడి ఊపిరితిత్తులు పాడై, సీఓపీడీ ఉందనిపించే రోగులకు కొందరికి ధారాళంగా ఆక్సిజన్ ఇచ్చారు, మరికొందరికి క్లిప్పు అంకె 88 నుంచి 92 మధ్య నిలిచేలా కొలిచి ఇచ్చారు. కొలిచి ఇచ్చినవారిలో మరణాలు 58 శాతం తక్కువ. కారణం ఆసక్తికరమైనది. ఊపిరితిత్తుల్లో గాలి సరిగా ఆడని మూలలకు రక్తం వృథాగా పోకుండా అక్కడి నాళాలు ముడుచుకుని ఉంటాయి. ఆక్సిజన్ వరదలా వచ్చేసరికి అవి తెరుచుకుంటాయి. రక్తం ఆ పనికిరాని మూలలకు పారి, కార్బన్ డయాక్సైడ్‌ను వదిలించుకోలేక తిరిగివస్తుంది. ఇది చదివి ఆయాసంతో నీలబడుతున్న రోగికి ఆక్సిజన్ ఆపేయకూడదు. ఆక్సిజన్ లేకపోతే మనిషి నిమిషాల్లో పోతాడు. ఇవ్వాలి, కొలిచి ఇవ్వాలి, ఇచ్చాక పక్కనే ఉండి చూడాలి.

మందూ యంత్రమూ లేకుండా నర్సు చేతిలో ఉన్న వైద్యం భంగిమ. తల వైపు ఎత్తి కూర్చోబెడితే పొట్టలోని అవయవాలు కిందికి జారి ఛాతీ అడుగున ఊపిరి తీయించే కండరమైన ఉదరవితానానికి చోటు దొరుకుతుంది. న్యుమోనియా ఒక పక్కే ఉంటే సాధారణంగా బాగున్న ఊపిరితిత్తి కిందికి వచ్చేలా పడుకోబెడతారు. రక్తం పల్లానికి పారుతుంది కనుక, గాలి బాగా ఆడే చోటికే రక్తం ఎక్కువగా చేరుతుంది. ఊపిరితిత్తి నుంచి రక్తం పడుతున్నప్పుడు మాత్రం దీన్ని తిరగేయాలి, లేకపోతే ఆ రక్తం మంచి వైపుకు కారుతుంది. వెంటిలేటర్ మీద ఉన్న తీవ్ర రోగులను బోర్లా పడుకోబెట్టడం ఎంత మేలు చేస్తుందో 2013లో ఫ్రాన్స్ వైద్యుల నాయకత్వంలో 466 మందిపై జరిగిన ప్రయోగం చూపింది. 28 రోజుల్లో మరణాలు 32.8 శాతం నుంచి 16 శాతానికి తగ్గాయి. వెల్లకిలా పడుకున్నప్పుడు గుండె బరువుకింద నలిగి ముడుచుకున్న వీపు వైపు ఊపిరితిత్తి, బోర్లా తిప్పితే తెరుచుకుంటుంది. వినడానికి తేలిక. గొట్టాలూ తీగలూ ఉన్న మనిషిని తిప్పాలంటే నలుగురైదుగురు కావాలి, తల దగ్గర ఒకరు శ్వాసగొట్టాన్ని వదలకుండా పట్టుకోవాలి, ఆ తర్వాత గంటల తరబడి కళ్లు, చెంపలు ఒరుసుకుపోకుండా చూసుకోవాలి. ఆ మరణాలు తగ్గించిన చేతుల్లో నర్సుల చేతులు ఎన్నో ఉన్నాయి.

కఫం గురించి మాట్లాడటానికి రోగులు సిగ్గుపడతారు, మనం అడగాలి. ఎంత, ఏ రంగు, వాసన ఉందా, రక్తపు చారలు ఉన్నాయా? గులాబీ రంగు నురగ వస్తే ఊపిరితిత్తుల్లో నీరు నిండుతోందని అర్థం, వెంటనే డాక్టరును పిలవాలి. గట్టిగా దగ్గే ఓపిక లేనివారికి, అద్దం మీద ఆవిరి పట్టించినట్టు నోరు తెరిచి ‘హా’ అని గాలిని బలంగా వదలడం నేర్పితే కఫం తక్కువ శ్రమతో పైకి వస్తుంది. సక్షన్ చేసేటప్పుడు కఫంతో పాటు గాలినీ లాగేస్తున్నామని మరవకూడదు. ఒక్కసారికి 10 నుంచి 15 సెకన్లు మించకూడదు. నా విద్యార్థులకు ఒక పాత కిటుకు చెబుతాను: గొట్టం లోపలికి పంపేటప్పుడు మీరూ ఊపిరి బిగబట్టండి. మీకు గాలి కావాలనిపించిందంటే ఆ రోగికి అంతకంటే ముందే కావాలి.

ఆయాసంలో సగం భయం. గాలి అందక భయం వేస్తుంది, భయానికి ఊపిరి ఇంకా పైపైనే ఆడుతుంది, గాలి పూర్తిగా బయటికి పోకముందే మళ్లీ పీల్చుకోవలసివస్తుంది. అలాంటప్పుడు నిలబడి సూచనలు ఇవ్వడం కంటే వాళ్ల ఎత్తున కూర్చుని, కళ్లలోకి చూస్తూ, పెదవులు సున్నాలా చుట్టి నెమ్మదిగా ఊదుతూ చూపిస్తే తొందరగా అందుకుంటారు. అలా ఊదితే చిన్న గాలిగొట్టాలు ముందే మూసుకుపోకుండా తెరిచి ఉంటాయి. ముఖానికి గాలి తగిలేలా చిన్న ఫ్యాను పెట్టినా ఆయాసపు బాధ తగ్గుతుందని ప్రయోగాల్లో తేలింది. తలాడిస్తే చాలు అన్నట్టుగా ప్రశ్నలు అడగాలి, మాట్లాడటానికి ఖర్చయ్యేది కూడా ఊపిరే.

మంచం దగ్గర నుంచి కదిలేముందు ఒకటి చూసుకోవాలి. పిలుపు గంట మీట గోడకు వేలాడుతోందా, రోగి అరచేతిలో ఉందా అని. గాలి అందని మనిషి కేక వేయలేడు.