రాష్ట్ర చిహ్నాలు ఎందుకు మారాయి? తెలుగు రాష్ట్రాల గుర్తుల వెనుక చరిత్ర

పోటీ పరీక్షలకు చదివే పిల్లల్ని ఎక్కువగా తికమక పెట్టే ప్రశ్న ఒకటుంది: ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షి ఏది? పాత పుస్తకంలో పాలపిట్ట, కొత్త పుస్తకంలో రామచిలుక. రెండూ అచ్చుతప్పులు కావు. ఏ సంవత్సరం గురించి అడుగుతున్నారన్నదే అసలు సంగతి. చిహ్నాల్ని తేదీలతో కలిపి చెప్పకుండా పట్టికలా బట్టీ పట్టించడం వల్లే ఈ గందరగోళం వస్తోందని నా అభిప్రాయం.

మద్రాసు రాష్ట్రం నుంచి విడిపోయి, కర్నూలు రాజధానిగా 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. దానికి ముందు 1952 డిసెంబర్‌లో పొట్టి శ్రీరాములు నిరాహార దీక్షలో ప్రాణాలు వదిలారు. రాజధాని కర్నూలుకు దక్కడం వెనుక 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడిక ఉంది. రాజధాని గానీ హైకోర్టు గానీ రాయలసీమకే ఇస్తామని కోస్తా నాయకులు ఇచ్చిన మాట అది. తెలంగాణ మాత్రం అప్పటికి హైదరాబాద్ రాష్ట్రంలో భాగం. దాన్ని వెంటనే ఆంధ్రలో కలపకుండా కొంతకాలం విడిగా ఉంచడం మేలని 1955లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ కోసం వేసిన ఫజల్ అలీ కమిషన్ సూచించింది. అయినా 1956 ఫిబ్రవరిలో ఆంధ్ర, తెలంగాణ నాయకుల మధ్య తెలంగాణకు రక్షణలు ఇచ్చే పెద్దమనుషుల ఒప్పందం కుదిరి, నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. ఆ ఒప్పందం అమలు కాలేదన్న బాధే 1969 ప్రత్యేక తెలంగాణ ఉద్యమానికి కారణమైంది. చివరికి 2014 జూన్ 2న తెలంగాణ ప్రత్యేక రాష్ట్రమైంది.

భూమి పంచుకోవడం అంత తేలిగ్గా సాగలేదు. పోలవరం ప్రాజెక్టు ముంపు పేరుతో ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది, చుట్టుపక్కల ఊళ్లు కొన్ని సరిహద్దు అవతలికి చేరాయి. మ్యాప్ చూసినప్పుడు ఆ మూల ఎందుకలా వంకర తిరిగిందో పిల్లలకు చెప్పాలి.

ఇక చిహ్నాల సంగతి. 2014 నవంబర్‌లో తెలంగాణ తన గుర్తులు ప్రకటించింది: పాలపిట్ట, జింక, జమ్మి చెట్టు, తంగేడు పువ్వు. పాలపిట్ట ఉమ్మడి రాష్ట్రం నాటిదే. దసరా రోజు పాలపిట్టను చూస్తే మంచిదని నమ్మకం, జమ్మి ఆకును బంగారమని పంచుకోవడం ఆనవాయితీ, తంగేడు లేకుండా బతుకమ్మ పేర్చరు. నాలుగింటిలో మూడు పండగల్లోంచే వచ్చాయి. ఒక ప్రాంతం తనను తాను ఎలా చూసుకుంటుందో ఈ ఎంపికలో నాకు స్పష్టంగా కనిపిస్తుంది.

ఆంధ్రప్రదేశ్ 2018 దాకా ఆగింది. కృష్ణజింకను, వేపచెట్టును అలాగే ఉంచుకుని, పాలపిట్ట స్థానంలో రామచిలుకను, కలువ స్థానంలో మల్లెను తీసుకుంది. అదే ఏడాది నవంబర్‌లో అధికారిక ముద్రనూ మార్చింది. మధ్యలో పూర్ణఘటం (పూర్ణకుంభం), చుట్టూ ధర్మచక్రం. అమరావతి స్తూపం శిల్పాలే ఆధారం. పూర్ణకుంభం పాత ముద్రలోనూ ఉండేది కాబట్టి బంధం పూర్తిగా తెగలేదు. అవతరణ దినమే ఎక్కువ చర్చకు దారితీసింది. విభజన తర్వాత అవతరణ ఉత్సవానికి బదులు జూన్ 2న నవనిర్మాణ దీక్ష చేశారు, 2019 నుంచి మళ్లీ నవంబర్ 1న ఉత్సవం మొదలైంది.

తెలంగాణలో మార్పులు ఇటీవలివి. 2024 మార్చిలో వాహనాల నంబర్లకు టీఎస్ బదులు టీజీ వచ్చింది. అందెశ్రీ రాసిన ‘జయ జయహే తెలంగాణ’ ఉద్యమకాలం నుంచే జనం నోట ఉన్నా, అధికారిక గీతమైంది 2024లోనే. అదే సమయంలో రాష్ట్ర ముద్రలోని కాకతీయ తోరణం, చార్మినార్ తీసేసి కొత్త ముద్ర తేవాలని చూశారు. రాచరికపు గుర్తులు వద్దన్నది ప్రభుత్వ వాదన. అవి ఓరుగల్లు, హైదరాబాద్ ప్రజల వారసత్వమని, రాజులవి మాత్రమే కావని ఎదురు వాదన. నిరసనలు రావడంతో జూన్ 2న గీతాన్ని మాత్రమే ఆవిష్కరించి, ముద్రను వాయిదా వేశారు.