కంట్రోలర్ విప్పిన రోజు

పిల్లలూ,

నాలుగు రోజులుగా నా గేమ్ కంట్రోలర్ నా మాట వినడం లేదు. ఎడమ స్టిక్ మీద నుంచి వేలు తీసేసినా గేమ్‌లో బొమ్మ తనంతట తానే ఎడమవైపు నడిచిపోతోంది. కొండ అంచున నిలబెట్టి, మంచినీళ్లు తాగి వచ్చేసరికి లోయలో పడి ఉంటోంది. మీలో ఆడేవాళ్లకి ఈ బాధ తెలిసే ఉంటుంది. డ్రిఫ్ట్ అంటారు దీన్ని. విసుగొచ్చి ఒక పూటంతా దాన్ని పక్కన పడేశాను. చివరికి నిన్న టేబుల్ మీద తెల్లటి గుడ్డ పరిచి, చిన్న స్క్రూడ్రైవర్‌తో విప్పాను. లోపల చూసింది మీకు చెప్పకుండా ఉండలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

స్టిక్‌కి ఆనుకుని వేలిగోరంత పెట్టెలు రెండున్నాయి. ఒకటి కుడి ఎడమల కదలికకి, ఇంకోటి ముందు వెనకలకి. పొటెన్షియోమీటర్ అంటారు వీటిని. మూత ఊడదీస్తే లోపల నల్లటి కార్బన్ పూత వేసిన వంపు దారి, దాని మీద రాసుకుంటూ తిరిగే సన్నటి లోహపు రేకు. స్టిక్ కదిపితే రేకు జరుగుతుంది. అది ఎంత జరిగిందో దాన్నిబట్టి వోల్టేజీ మారుతుంది. ఆ వోల్టేజీని చదివి కంట్రోలర్ ‘ఇంత ఎడమకి’ అని గేమ్‌కి చెబుతుంది. భూతద్దం పెట్టి చూశాను. పూత అంచుల్లో నల్లగా, నిండుగా ఉంది. సరిగ్గా మధ్యలో మాత్రం అరిగిపోయి, చుట్టూ నల్లటి పొడి రాలి ఉంది. మనం ఎటు తిప్పినా స్టిక్ మధ్య నుంచే బయలుదేరి మధ్యకే తిరిగొస్తుంది కదా, అందుకే అరుగుదలంతా అక్కడే. నేను వేలు తీసేసినా పాపం దానికి మధ్య ఎక్కడో తెలియడం లేదు.

మీ కంట్రోలర్‌లో డ్రిఫ్ట్ ఇప్పుడిప్పుడే మొదలైతే విప్పనక్కర్లేదు. చాలా గేముల సెట్టింగుల్లో డెడ్ జోన్ అని ఉంటుంది. దాన్ని కొంచెం పెంచితే మధ్యలో జరిగే చిన్న చిన్న కదలికల్ని గేమ్ పట్టించుకోదు. కొత్త కంట్రోలర్ కొనాల్సి వస్తే హాల్ ఎఫెక్ట్ స్టిక్ ఉన్నదేమో చూడండి. అందులో రేకు, పూత ఉండవు. అయస్కాంతం ఎటు జరిగిందో సెన్సర్ దూరం నుంచే పసిగడుతుంది. ఒకదానికొకటి తగలవు కాబట్టి అలా అరిగిపోవు.

కంట్రోలర్ సంగతి ఇలా తేలింది. మీ నోట నేను ఎక్కువగా వినే ఫిర్యాదు మాత్రం వేరే ఉంది. ఓడిపోగానే ‘ల్యాగ్ వచ్చింది తాతయ్యా’ అంటారు, అంటే ఆట వెంటనే స్పందించకుండా తడబడిందని. అబద్ధమని నేననను. కానీ ఆ ఒక్క మాట వెనక వేరువేరు జబ్బులున్నాయి. ఏ జబ్బో తెలియకుండా మందు వేస్తే డబ్బు దండగ.

తెర మీద కదిలేదంతా నిజానికి బొమ్మల వరుస. సెకనుకి 60 బొమ్మలు చూపించాలంటే ఒక్కో బొమ్మకి దొరికే సమయం 16.7 మిల్లీసెకన్లు. ఆ కాస్త వ్యవధిలోనే మీరు నొక్కిన బటన్ చదవాలి, శత్రువు ఎక్కడున్నాడో లెక్క కట్టాలి, వెలుగునీడలు వేయాలి, తెర నింపాలి. 120 బొమ్మలైతే దొరికేది 8.3 మిల్లీసెకన్లే. గడువులోగా పని పూర్తికాకపోతే పాత బొమ్మే ఇంకాసేపు నిలబడుతుంది. మన కంటికి ఆట తడబడినట్టు ఉంటుంది.

నా ల్యాప్‌టాప్‌కి ఒకసారి ఇదే జరిగింది. మొదటి పది నిమిషాలు చక్కగా ఆడేది, ఆ తర్వాత నత్తనడక. పాతబడిపోయింది, ఇక మార్చాల్సిందే అనుకుని కొత్త దానికి లెక్కలు కూడా వేసుకున్నాను. వెనక మూత తీస్తే, ఫ్యానుకీ వేడిని బయటికి పంపే సన్నటి లోహపు రెక్కలకీ మధ్య దుమ్ము పేరుకుని ఉంది. పట్టకారుతో లాగితే కంబళి తునకలా ముక్కకి ముక్క ఊడి వచ్చింది. గాలి ఆడక చిప్ వేడెక్కిపోయి, కాలిపోకుండా ఉండటానికి తన వేగం తానే తగ్గించుకుంటోంది. దుమ్ము తీశాక ఇంకో మూడేళ్లు ఆడాను దాని మీద. అందుకే, మొదట్లో బాగుండి తర్వాత నెమ్మదిస్తే ముందు వేడిని అనుమానించండి. ఫోన్‌లోనూ అంతే. ఛార్జింగ్ పెట్టి ఆడితే బ్యాటరీ వేడి, చిప్ వేడి రెండూ కలుస్తాయి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెబుతున్నా. ఉబ్బిన బ్యాటరీని ఛార్జింగ్ పెట్టొద్దు, నొక్కొద్దు, గుచ్చొద్దు. వెంటనే ఇంట్లో పెద్దవాళ్లకి చెప్పండి. లిథియం అయాన్ బ్యాటరీకి చిల్లు పడితే మంటలు రేగొచ్చు. పవర్ సప్లై పెట్టెని కూడా విప్పొద్దు. ప్లగ్గు పీకేశాక కూడా లోపలి కెపాసిటర్లలో (కరెంటుని దాచిపెట్టే భాగాల్లో) షాక్ కొట్టేంత కరెంటు నిలిచి ఉండొచ్చు. ఈ రెండింటి జోలికి నేను కూడా వెళ్లను.

ఇక నెట్ వల్ల వచ్చే ల్యాగ్. నెట్ అక్కర్లేని ఆటలన్నీ సాఫీగా నడుస్తూ, ఆన్‌లైన్ మ్యాచ్‌లోనే మనుషులు ఒకచోట మాయమై ఇంకోచోట తేలుతున్నారంటే అది పింగ్ సమస్య. మీ ఫోన్ నుంచి సర్వర్‌కి, అంటే ఆటని నడిపే దూరపు కంప్యూటర్‌కి, కబురు వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయమే పింగ్. ఫైబర్ కేబుల్‌లో కాంతి సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. సర్వర్ 5,000 కిలోమీటర్ల దూరంలో ఉందనుకోండి. వెళ్లడానికి 25, తిరిగి రావడానికి 25, మొత్తం 50 మిల్లీసెకన్లు. దారిలో ఎక్కడా ఆగకపోయినా అంత పడుతుంది. ఎంత ఖరీదైన ప్లాన్ తీసుకున్నా దీన్ని తగ్గించలేరు. దగ్గరి సర్వర్ ఎంచుకోవడం ఒక్కటే దారి. మన చేతిలో ఉన్నది ఇంట్లో జరిగే ఆలస్యం. 2.4 గిగాహెర్ట్జ్ వైఫైలో, మైక్రోవేవ్ అవెన్‌లో వాడే తరంగాలు ఒకే జాతివి. అవెన్ నడుస్తుంటే ఆట తడబడటానికి అది కారణం కావచ్చు. కుదిరితే కేబుల్ పెట్టుకోండి. టీవీలో ఆడేవాళ్లు గేమ్ మోడ్ ఆన్ చేసుకోండి, బొమ్మకి మెరుగులు దిద్దడానికి టీవీ చేసే ఆలస్యం బాగా తగ్గుతుంది.

ఇంకో ఆలస్యం మనలోనే ఉంది. తెర మీద శత్రువుని చూసి వేలు కదపడానికి మనిషికి సుమారు 200 మిల్లీసెకన్లు పడుతుంది. నిద్ర చాలకపోతే ఇంకా పెరుగుతుంది. అర్ధరాత్రి దాటాక నేను ఓడిన మ్యాచ్‌లన్నీ ఈ ఖాతాలోవే.

యంత్రానికి శక్తి చాలకపోవడం కొత్త సంగతేం కాదు. 1978లో జపాన్‌లో తోమోహిరో నిషికాడో ‘స్పేస్ ఇన్వేడర్స్’ తయారుచేశాడు. తెర మీద 55 గ్రహాంతర జీవులు. అన్నిటినీ గబగబా గీసే బలం అప్పటి చిప్‌కి లేదు, అందుకని మొదట్లో నెమ్మదిగా కదిలేవి. ఒక్కొక్కదాన్నీ కూలుస్తుంటే గీయాల్సినవి తగ్గి, మిగిలినవి వేగం పుంజుకునేవి. నిషికాడో దాన్ని సరిచేయకుండా అలాగే ఉంచేశాడు. ఆట ముదిరేకొద్దీ కష్టం పెరగడం అలా కుదిరింది. చివర్లో మిగిలిన ఒక్కటి తెర మీద పరుగులు పెడుతుంటే గుండె ఎలా కొట్టుకునేదో నాకింకా గుర్తే. 1985 నాటి ‘సూపర్ మారియో బ్రదర్స్’ మొత్తం 40 కిలోబైట్లలో పట్టింది. చోటు చాలక అందులో మేఘానికీ పొదకీ ఒకే బొమ్మ వాడారు. పైన తెలుపు, కింద ఆకుపచ్చ, అంతే తేడా. ఏళ్ల తరబడి ఆడి కూడా నేనది గమనించలేదు. తెలిసిన రోజు ఆట మళ్లీ మొదటి నుంచి ఆడాను, పొదల్ని చూడటానికే.

నా కంట్రోలర్ మాట మర్చిపోయాను. పాత స్టిక్ తీసి కొత్తది పెట్టాలంటే 14 చోట్ల సోల్డరింగ్, అంటే భాగాల్ని అతికించే లోహం, కరిగించాలి. పొద్దున రెండు గంటలు పట్టింది, ఒకచోట వేలు కూడా కాలింది. ఇప్పుడు ఈ ఉత్తరం మొదలుపెట్టే ముందు ఆట ఆన్ చేసి, బొమ్మని ఆ కొండ అంచునే నిలబెట్టాను. తలెత్తి చూశాను. అక్కడే ఉంది.

ప్రేమతో,
మీ తాతయ్య