చిన్న పిట్టల ఫోటోలు, వాటి ఐడీలు (ఏ జాతో గుర్తించడం): నేను రోజూ వినే అపోహలు, అసలు సంగతులు

"అన్నా ఇదేం పిట్ట?" అని ఫోటోలు పంపేవాళ్ళకి ఒకటే జవాబు మళ్ళీ మళ్ళీ రాసి విసుగొచ్చి, అన్నీ ఒకచోట పెడదామని కూర్చున్నా. గద్దలు, కొంగలు, నెమళ్ళ సంగతి కాదిది. పది పన్నెండు సెంటీమీటర్ల బాపతు, వార్బ్లర్లు, ప్రీనియాలు, తేనెపిట్టలు, కొమ్మ మీద రెండు సెకన్లు కూడా కుదురుగా ఉండనివి.

అపోహ: 600 ఎంఎం లెన్సు కొంటే దూరం అనేదే సమస్య కాదు

లెక్క వేసి చూడండి. పది సెంటీమీటర్ల పిట్ట పది మీటర్ల దూరంలో ఉంటే 600 ఎంఎం లెన్సుతో సెన్సర్ మీద పడే బొమ్మ 6 మిల్లీమీటర్లు. ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ (పెద్ద సైజుది) వెడల్పు 36 మిల్లీమీటర్లు, అంటే ఫ్రేమ్‌లో ఆరో వంతు, 24 మెగాపిక్సెల్ కెమెరా అయితే ముక్కు నుంచి తోక దాకా ఓ వెయ్యి పిక్సెళ్ళు. అదే పిట్ట ఇరవై మీటర్లకి పోతే ఐదొందలే. ఇక రెక్క మీద ఉండే మిల్లీమీటరు పట్టీకి మిగిలేది ఐదు పిక్సెళ్ళు, మనం ఐడీ చెప్పాల్సింది చాలాసార్లు ఆ పట్టీ ఉందా లేదా అన్నదాన్ని బట్టే మరి.

దీనికి తోడు ఎండెక్కాక నేల మీంచి లేచే వేడిగాలి. దాని గుండా తీస్తే ఎంత ఖరీదైన లెన్సయినా ఈకలు కరిగిపోయినట్టు వస్తాయి, లెన్సు పాడైందనుకుని సర్వీస్ సెంటర్‌కి పరిగెత్తేవాళ్ళు బోలెడుమంది. అదే లెన్సు పొద్దున చల్లగా ఉన్నప్పుడు, దగ్గర్నుంచి పెట్టి చూడండి, తేడా తెలుస్తుంది.

క్రాప్ సెన్సర్ (ఫుల్‌ఫ్రేమ్ కంటే చిన్నది) ఉన్న కెమెరా వాడితే పిట్ట ఒకటిన్నర రెట్లు దగ్గరకొస్తుందనేది కూడా సగం నిజమే. సెన్సర్ మీద బొమ్మ ఆ 6 మిల్లీమీటర్లే, పిక్సెళ్ళు ఇంకా చిన్నవిగా, దగ్గరదగ్గరగా ఉంటేనే లాభం.

పోనీ బాగా దగ్గరకెళ్దామా అంటే అక్కడో తిరకాసు. ఈ పెద్ద లెన్సులు చాలావరకు రెండు మీటర్ల లోపు అసలు ఫోకసే అవ్వవు, కొన్నిటికైతే నాలుగు నాలుగున్నర మీటర్లు కావాలి. ఐదు మీటర్ల దగ్గర, 600 ఎంఎంలో, ఎఫ్ 6.3 అపర్చర్ (లెన్సు తెరుచుకునే సైజు) దగ్గర షార్ప్‌గా వచ్చే మందం మూడు సెంటీమీటర్లు కూడా ఉండదు. పిట్ట మీ వైపు తిరిగి కూర్చుంటే కన్ను షార్ప్‌గా, తోక మసగ్గా. అందుకే పక్క నుంచి, పిట్ట ఒళ్ళంతా సెన్సర్‌కి సమాంతరంగా ఉన్నప్పుడు తీసిన ఫోటో ఐడీకి బంగారం.

అపోహ: స్టెబిలైజేషన్ ఉందిగా, షటర్ స్పీడు 1/200 సెకను చాలు

అది మీ చెయ్యి వణుకుని ఆపుతుంది, పిట్ట తల తిప్పడాన్ని ఆపదు. 1/1000 కంటే తగ్గకండి, వెలుతురుంటే 1/1600 పెట్టండి. ఐఎస్ఓ (తక్కువ వెలుతురులో పెంచే సెట్టింగు) పెరిగి గ్రెయిన్ (చుక్కచుక్కలు) వస్తే రానివ్వండి, గ్రెయిన్ ఉన్న ఫోటోలో గీతలు కనిపిస్తాయి, కదిలిన ఫోటోలో ఏమీ కనిపించదు.

అపోహ: కన్ను పట్టే ఆటోఫోకస్ వచ్చాక ఫోకస్ బాధ తీరిపోయింది

మంచి ఫీచరే, కాదనను, ఖాళీ కొమ్మ మీద కూర్చున్న పిట్ట దగ్గర అద్భుతం. కానీ పొదలో ముందున్న పుల్లని పట్టేసుకుంటుంది, కంటి మీదుగా నల్ల గీత ఉన్న పిట్టలకి కన్ను ఆ గీతలోనే కలిసిపోయి కెమెరా వెతుక్కుంటూ ఉంటుంది. అలాంటప్పుడు అన్నిటికంటే చిన్న ఫోకస్ పాయింటు పెట్టుకుని, పిట్ట ఉన్నంత దూరంలోనే ఉన్న వేరే కొమ్మ మీద ముందు ఫోకస్ చేసి, తర్వాత రింగుని కొద్దిగా చేత్తో తిప్పుకోవడమే.

అపోహ: ఫోటో బాగా రాకపోతే ఏఐ సాఫ్ట్‌వేర్‌లో వేసి బాగుచేసుకోవచ్చు

గోడకి తగిలించుకోవడానికైతే మీ ఇష్టం. ఐడీకి మాత్రం ఇది నిజంగా ప్రమాదం, ఎందుకంటే ఆ సాఫ్ట్‌వేర్ మసకగా ఉన్నచోట ఈకలు ఎలా ఉండొచ్చో ఊహించి గీస్తుంది. నాకొచ్చే ఫోటోల్లో ఛాతీ మీద చక్కటి చారలు కనిపిస్తాయి, అసలు రా ఫైల్ (కెమెరా మార్పులు చేయకుండా దాచేది) అడిగి చూస్తే అక్కడ ఉన్నది గ్రెయినే. నాకు ఎడిట్ చేయని ఫైలే కావాలి, వికారంగా ఉన్నా ఫర్వాలేదు.

ఇలాంటిదే ఎలక్ట్రానిక్ షటర్ గోల. చాలా కెమెరాల్లో సెన్సర్ పైనుంచి కిందకి వరసలు వరసలుగా చదువుతుంది, ఆ లోపల రెక్క కదిలిపోతుంది కాబట్టి ఎగిరే పిట్ట రెక్క వంకరగానో పొడుగ్గానో వస్తుంది. రెక్క ఆకారం చూసి ఐడీ చెప్పాల్సిన పిట్టలకి మెకానికల్ షటర్ వాడండి.

అపోహ: రంగు చూస్తే ఐడీ అయిపోతుంది

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. ఆకుల మధ్య కూర్చున్న పిట్ట పొట్ట మీద ఆకుల పచ్చదనం పడి తెల్లటి పొట్ట కాస్తా లేత పసుపుపచ్చగా కనిపిస్తుంది. సాయంత్రం ఎండలో బూడిద రంగు గోధుమ రంగైపోతుంది. పైగా ఆటో వైట్ బ్యాలెన్స్ (వెలుతురుని బట్టి కెమెరా రంగులు సర్దడం) ఫోటోఫోటోకీ మారుతుంటుంది.

ఇంకోటి, పుప్పొడి. చిఫ్‌చాఫ్ లాంటి వార్బ్లర్లు పూలలో తల దూర్చి తేనె తాగినప్పుడు ముక్కు మొదట్లో, నుదుటి మీద పుప్పొడి అంటుకుని గట్టిపడిపోతుంది. ఫోటోలో జూమ్ చేస్తే నుదుటి మీద పసుపో నారింజో మచ్చ, పుస్తకంలో అలాంటి పిట్టే లేదు, ఇంకేముంది కొత్త జాతి దొరికిందని ఒకటే హడావిడి. మచ్చ రెండు వైపులా ఒకేలా లేకపోయినా, ఈకలు అట్టకట్టినట్టు ఉన్నా పుప్పొడేనేమో అని ముందు అనుమానించండి.

తేనెపిట్టల మెరుపు సంగతి వేరు. ఆ నీలం, ఊదా మెరుపు ఈక లోపలి నిర్మాణం మీద వెలుతురు పడితే పుట్టేది. తల కొంచెం తిప్పితే అదే పిట్ట కారునలుపు. అందుకే ఒక్క ఫోటో పంపొద్దు, బర్స్ట్ (టకటకా వరసగా తీసిన ఫోటోలు) మొత్తం పంపండి అంటాను.

మరి రంగు కాకపోతే ఏం చూడాలి? ఆకారం. మడిచిన రెక్కని చూడండి, వీపు వైపున ఒకదాని మీద ఒకటి పరుచుకున్న మూడు ఈకలుంటాయి, టెర్షియల్స్ అంటారు. వాటి కింద నుంచి రెక్క కొస బయటికి పొడుచుకొస్తుంది. ఆ పొడుచుకొచ్చిన ముక్క టెర్షియల్స్ పొడవులో ఎంత ఉందో కొలవండి, స్క్రీన్ మీద స్కేలు పెట్టి కొలిచినా సరే. చిఫ్‌చాఫ్‌కి దాదాపు సగం ఉంటుంది, అచ్చం దానిలాగే కనిపించే విల్లో వార్బ్లర్‌కి ముప్పావు నుంచి సమానం దాకా వస్తుంది, సహారా దాటి వలసపోయే పిట్ట కదా, రెక్క పొడుగే. చిఫ్‌చాఫ్ కాళ్ళు నల్లగా, విల్లో కాళ్ళు లేతగా అంటారు, మామూలుగా నిజమే కానీ మినహాయింపులు ఉన్నాయి, ఒక్క కాళ్ళు చూసి పేరు రాసేయకండి.

అపోహ: ఫోటో క్లియర్‌గా ఉంటే పేరు పెట్టొచ్చు

చిఫ్‌చాఫ్, విల్లో వార్బ్లర్, ఈ రెండు పిట్టల్నే తీసుకోండి. ఇంగ్లండ్ ప్రకృతి పరిశీలకుడు గిల్బర్ట్ వైట్ 1768లో వీటిని, వుడ్ వార్బ్లర్‌ని కలిపి మూడూ వేరువేరు జాతులని తేల్చింది ముఖ్యంగా పాట విని. కెమెరా లేదు, ఇప్పటిలాంటి బైనాక్యులర్సూ లేవు, చెవులున్నాయి. ఇప్పుడు మన దగ్గర అన్నీ ఉన్నాయి, పిట్ట అరుస్తుంటే ఫోన్‌లో రికార్డ్ చేయాలని మాత్రం తోచదు! గ్రీనిష్ వార్బ్లర్ రెండు ముక్కలుగా పలికే పిలుపు పది సెకన్లు రికార్డ్ చేసి పంపితే, మీరు పంపే ఇరవై ఫోటోల కంటే నాకు అదే ఎక్కువ.

అపోహ: యాప్ చెప్పిందంటే అదే

కార్నెల్ ల్యాబ్ వాళ్ళ మెర్లిన్ (పిట్టల్ని గుర్తించే యాప్) నేనూ వాడతాను, 2021లో అందులో సౌండ్ ఐడీ (గొంతు విని పేరు చెప్పడం) వచ్చాక కొత్తవాళ్ళకి చాలా మేలు జరిగింది. అయితే అది చెప్పేది సలహా, తీర్పు కాదు. ఇతర పిట్టల గొంతుని అనుకరించే డ్రాంగోలు, మార్ష్ వార్బ్లర్లు ఉన్నచోట ఏ పిట్ట గొంతు ఎవరిదో మనకే అర్థం కాదు, దానికేం అర్థమవుతుంది.

అపోహ: పుస్తకంలో బొమ్మలాగే ఉండాలి

గిజిగాడు మగది జత కట్టే కాలంలోనే నెత్తిన ఆ పసుపు టోపీ పెడుతుంది, మిగతా రోజుల్లో ఆడ పిచ్చుకలా ఉంటుంది. పర్పుల్ సన్‌బర్డ్ మగదైతే ఆ కాలం అయ్యాక కింద పసుపుగా మారి, గొంతు నుంచి పొట్ట మధ్యలోకి ఒక్క నల్ల చార మిగుల్చుకుంటుంది. అందుకని ఫోటోతో పాటు తేదీ చెప్పడం మర్చిపోకండి.

అపోహ: రికార్డ్ చేసిన కాల్ (పిట్ట పిలుపు) ప్లే చేస్తే పిట్టకి నష్టమేం లేదు

ఉంది. తన చోటులోకి వేరే మగ పిట్ట వచ్చిందనుకుని మేత మానేసి దాని కోసం వెతుకుతుంది. ఇక గూళ్ళు పెట్టే రోజుల్లో స్పీకర్ పట్టుకుని తిరిగేవాళ్ళ ఫోటోలకి నేను ఐడీ చెప్పను, తిట్టుకున్నా సరే.

అపోహ: పేరు చెప్పలేకపోతే ఫోటో వేస్టు

ఈబర్డ్‌లో (చూసిన పిట్టల లిస్టులు నమోదు చేసే సైటు) "వార్బ్లర్, జాతి తెలియదు" అని రాసుకునే వీలు, ఇది గానీ అది గానీ అని రెండు పేర్లు కలిపి రాసే వీలు పెట్టింది ఊరికే కాదు. నా లిస్టుల్లో అలాంటివి బోలెడు. తప్పు పేరు రాస్తే రికార్డు చెడుతుంది, ఖాళీ వదిలితే చెడదు.

సరే, ఇకపై పంపేవాళ్ళు ఇవి పంపండి: క్రాప్ చేయని ఫైలు ఒకటి, పక్క నుంచి రెక్క కనిపించేది, తోక కింద భాగం కనిపించేది, తేదీ, ఎలాంటి చోటు అన్నది (నేలా, పొదా, చెట్టు పైకొమ్మలా), ఉంటే ఆడియో. వాట్సాప్‌లో ఫోటోలా కాకుండా డాక్యుమెంట్‌లా పంపండి, లేకపోతే అది నొక్కేసి ఉన్న ఆ ఐదు పిక్సెళ్ళ పట్టీని కూడా మింగేస్తుంది.