ఏ ఐలయ్య? వంశవృక్షంలో ఒకే పేరు: అపోహలు - వాస్తవాలు

కొమురవెల్లి మల్లన్నకు మొక్కుకుంటే మల్లయ్య, కొమురయ్య. ఐనవోలు మల్లన్నకు మొక్కుకుంటే ఐలయ్య. వేములవాడ రాజన్న దయవల్ల పుడితే రాజయ్య, మేడారం తల్లుల దయవల్ల పుడితే సమ్మయ్య, సారయ్య. ఊరంతటి మొక్కు ఒక్కటే అయినచోట పేర్లూ అవే తిరుగుతాయి. వరంగల్ చుట్టుపక్కల కుటుంబాలకు వంశవృక్షాలు రాసే నాకు అన్నిటికన్నా పెద్ద చిక్కు ఇదే.

అపోహ: ఇంటిపేరు, పేరు, తండ్రి పేరు మూడూ కలిస్తే మనిషి ఒక్కడే.

వాస్తవం: తాత పేరు మనవడికి పెట్టే ఇళ్లలో ఇది నిలవదు. మల్లయ్య కొడుకు ఐలయ్య, అతని కొడుకు మల్లయ్య, ఆ మల్లయ్య కొడుకు మళ్లీ ఐలయ్య. ‘ఐలయ్య, తండ్రి మల్లయ్య’ అనే మాట తాతకూ చెల్లుతుంది, మనవడికీ చెల్లుతుంది.

ఒక కుటుంబం విషయంలో నేనూ ఇక్కడే పొరబడ్డాను. 1954-55 ఖాస్రా పహాణీలో (ఏ భూమి ఎవరిదో, ఎవరి సాగులో ఉందో రాసిన రికార్డు) ఆ పేరు రెండు సర్వే నంబర్ల దగ్గర కనిపించింది. ఒక్కరే అనుకొని రాసుకున్నాను. తర్వాత పట్టా మార్పులు రాసే ఫైసల్ పట్టీ తిరగేస్తే, ఒక నంబరు ఐలయ్య ఫౌతీ (మరణం) కింద ముగ్గురు కొడుకుల పేర విరాసత్ (వారసుల పేరిట మార్పు) అయింది. రెండో నంబరు అమ్మకం దస్తావేజు ఆ తర్వాత చాలా ఏళ్లకు రాసింది. దాని మీద ఐలయ్య వేలిముద్ర ఉంది. చనిపోయిన మనిషి వేలిముద్ర వేయడు కదా! విరాసత్ పొందిన ముగ్గురిలో పెద్దవాడి పేరు మల్లయ్య. వేలిముద్ర ఆయన కొడుకుది.

అపోహ: పహాణీలో పట్టాదారుగా పేరుంటే ఆ ఏడు మనిషి బతికున్నట్టే.

వాస్తవం: కాదు. విరాసత్ చేయించుకోకపోతే పోయినవారి పేరు ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది. అనుభవదారు, అంటే భూమిని సాగు చేసుకుంటున్నవారి గడిలో ఎవరున్నారో కూడా చూడండి.

అపోహ: ఒక తల్లి పిల్లలకు ఒకే పేరు పెట్టరు.

వాస్తవం: పెడతారు. పెద్ద మల్లయ్య, నడిపి మల్లయ్య, చిన్న మల్లయ్య. కాగితం మీదికి వచ్చేసరికి ముందున్న మాట రాలిపోతుంది.

అపోహ: పాత కాగితంలో ఎలా చదివితే అదే పేరు, ఏ ఏడు ఉంటే అదే ఏడు.

వాస్తవం: నిజాం కాలపు రికార్డులు ఎక్కువగా ఉర్దూలో ఉంటాయి. ఆ లిపిలో హ్రస్వ అచ్చులు సాధారణంగా రాయరు కాబట్టి ఎల్లయ్య, ఐలయ్య ఒకేలా కనిపించవచ్చు. ‘వల్ద్’ అని ఉంటే తర్వాతది తండ్రి పేరు. ఇక ఫసలీ లెక్క, అంటే శిస్తు రికార్డుల్లో వాడిన సంవత్సరాల లెక్క. హైదరాబాద్ రాజ్యంలో ఫసలీ సంవత్సరం అక్టోబరులో మొదలయ్యేది. 1948 సెప్టెంబరు నాటి పోలీసు చర్య 1357 ఫసలీలోకి వస్తుంది. కాబట్టి ఇంగ్లీషు ఏడు రావాలంటే ఫసలీ ఏటికి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా 590, ఆ తర్వాత నెలలకు 591 కలపాలి. ఒక్క ఏడు తప్పితే చనిపోయినవాడు శిస్తు కట్టినట్టు తేలుతుంది.

అపోహ: వంశవృక్షానికి ఆడవాళ్ల పేర్లు అక్కరలేదు.

వాస్తవం: నన్ను అన్నిటికన్నా బాధపెట్టే అపోహ ఇది. కోడళ్ల పేర్లు వదిలేసిన చెట్లు ఎన్నో నా దగ్గరికి వస్తాయి. ఒకే పేరున్న ఇద్దరు మగవాళ్లను విడదీసేది వాళ్లే. ఊళ్లో పెద్ద వయసున్న అవ్వ దగ్గర కూర్చొని ఐలయ్య గురించి అడగండి. ‘ఏ ఐలయ్య? ఫలానా ఊరి పిల్లను చేసుకున్న ఐలయ్యేనా?’ అని ఆమే తిరిగి అడుగుతుంది. ఆ ఊరి పేరు, ఆ పిల్ల పేరు, పెద్దవాడి నుంచి వరుసగా ఆమె పిల్లల పేర్లు అక్కడికక్కడే రాసుకోండి.