ఐడిల్ దిగని కార్బొరేటర్ ఇంజిన్: అపోహలు - వాస్తవాలు

కార్బొరేటర్ (గాలి, పెట్రోలు కలిపే భాగం) ఉన్న పాత కార్లలో నాలుగు సిలిండర్ల ఇంజిన్ బాగా వేడెక్కాక, యాక్సిలరేటర్ తొక్కనప్పుడు (అదే ఐడిల్) సాధారణంగా 700 నుంచి 900 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) మధ్య తిరగాలి. అది 1,400 దగ్గర నిలబడి కిందికి దిగట్లేదంటే అడగాల్సినవి రెండే. గాలి ఎటు నుంచి పోతోంది? స్పార్క్ ఎప్పుడు పడుతోంది? ఈ రెండింటికీ జవాబు తెలియకుండా స్క్రూడ్రైవర్ పట్టుకుంటే సెట్టింగులన్నీ చెదిరిపోతాయి, అసలు లోపం మాత్రం అలాగే ఉంటుంది.

అపోహ: ఐడిల్ స్క్రూ వెనక్కి తిప్పితే దిగుతుంది.

వాస్తవం: ఆ స్క్రూ థ్రాటిల్ (గాలి దారిని తెరిచి మూసే రేకు) లీవర్‌కి అడ్డు మాత్రమే. ఎన్ని చుట్లు తిప్పారో లెక్కపెట్టుకుంటూ, దాని కొన లీవర్‌ను వదిలేదాకా వెనక్కి తీయండి. అయినా వేగం తగ్గలేదంటే లీవర్‌ను ఇంకేదో పట్టుకుని ఉంది, లేదా గాలి వేరే దారిన వస్తోంది.

మొదట ఇంజిన్ ఆపి యాక్సిలరేటర్ కేబుల్‌ను కార్బొరేటర్ దగ్గర విప్పండి. స్టార్ట్ చేశాక వేగం దిగితే కేబుల్‌దే తప్పు. దానికి ఒకటి రెండు మిల్లీమీటర్ల వదులు ఉండాలి. ఇంజిన్ మౌంటింగ్ కుంగినా కేబుల్ లాక్కుంటుంది. ఇది చాలామందికి తట్టదు. రిటర్న్ స్ప్రింగ్, పెడల్ కింద మడతపడ్డ మ్యాట్ కూడా చూడండి.

తర్వాత చోక్, అంటే చల్లని ఇంజిన్ స్టార్ట్ అయ్యేందుకు గాలిని తగ్గించే రేకు. వేడి ఇంజిన్‌లో చోక్ రేకు నిలువుగా, పూర్తిగా తెరుచుకుని ఉండాలి. ఫాస్ట్ ఐడిల్ స్క్రూ (చల్లని ఇంజిన్ వేగం పెంచేది), చోక్‌తో పాటు కదిలే మెట్ల కామ్‌ను తాకకూడదు. ఆటోమేటిక్ చోక్ అయితే ఇంజిన్ వేడెక్కాక పెడల్‌ను ఒకసారి తొక్కి వదలాలి. స్క్రూ నొక్కి పట్టినంతసేపూ కామ్ తన మెట్టు దిగలేదు. ఎలక్ట్రిక్ చోక్‌కి ఇంజిన్ తిరుగుతున్నప్పుడు కరెంటు అందుతోందో లేదో మీటర్‌తో చూడండి.

ఇవన్నీ సరిగ్గానే ఉంటే థ్రాటిల్ రేకులను అనుమానించాలి. కార్బొరేటర్ విప్పి బిగించాక ఐడిల్ పెరిగిందంటే చాలాసార్లు కారణం ఇదే. రేకు తిరగేసి పడి ఉంటుంది, లేదా రంధ్రానికి నడిమధ్యన కూర్చోకముందే దాని స్క్రూలు బిగించి ఉంటారు. కింద వేసిన గాస్కెట్ అంచు రేకుకి అడ్డం పడటం కూడా జరుగుతుంది. కార్బొరేటర్ దించి, ఐడిల్ స్క్రూ పూర్తిగా వదిలి, వెలుతురుకి ఎదురుగా పట్టుకుని చూడండి. రేకు చుట్టూ సన్నని వెలుగు సమంగా కనిపిస్తే ఫరవాలేదు. ఒకవైపే నెలవంకలా కనిపిస్తే రేకు పక్కకి కూర్చుంది. రెండు బ్యారెళ్లవైతే సెకండరీ (రెండో) రేకు కూడా పూర్తిగా మూసుకోవాలి. కొన్ని ఎస్‌యూ కంపెనీ కార్బొరేటర్లలో థ్రాటిల్ రేకు మీదే చిన్న స్ప్రింగ్ వాల్వ్ ఉంటుంది. దాని స్ప్రింగ్ నీరసించినా గాలి దాటిపోతుంది.

అపోహ: ఎయిర్ లీక్ ఉంటే ఇంజిన్ కొట్టుకుంటుంది, ఐడిల్ పెరగదు.

వాస్తవం: లీక్ పెద్దదైతే నిజమే. పెట్రోలు-గాలి మిశ్రమం మరీ పలచబడి ఇంజిన్ కుంటుతుంది, ఆగిపోతుంది. చిన్న లీక్ అలా కాదు. ముందే మిశ్రమం కాస్త చిక్కగా ఉన్న ఇంజిన్‌కి ఆ అదనపు గాలి కలిసొచ్చి వేగం పెరుగుతుంది. యాక్సిలరేటర్ వదిలాక వేగం నెమ్మదిగా దిగడం కూడా దీని గుర్తే.

ఎయిర్ క్లీనర్ తీసి, ఐడిల్‌లో ఉండగా కార్బొరేటర్ నోటిని చెక్క ముక్కతో మూయండి. బ్యాక్‌ఫైర్ వస్తే కాలుతుంది కాబట్టి అరచెయ్యి పెట్టొద్దు. ఇంజిన్ వెంటనే ఆగితే గాలి కార్బొరేటర్ నోటి నుంచే వస్తున్నట్టు. ఈడ్చుకుంటూ తిరుగుతూనే ఉంటే కింద ఎక్కడో లీక్ ఉంది. అప్పుడు వ్యాక్యూమ్ గొట్టాలను ఒక్కొక్కటిగా నొక్కిపట్టండి. బ్రేక్ బూస్టర్ గొట్టం, పీసీవీ (క్రాంక్‌కేసు ఆవిరిని ఇంజిన్‌లోకి లాగే వాల్వ్) గొట్టం, డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకి స్పార్క్ పంచే భాగం) డయాఫ్రం గొట్టం ముఖ్యమైనవి. దేన్ని నొక్కితే వేగం దిగుతుందో లోపం ఆ వైపు ఉంది. పీసీవీ మాత్రం మంచి స్థితిలో ఉన్నా కొంత గాలి ఇస్తుంది కాబట్టి నొక్కితే కొద్దిగా దిగడం మామూలే.

కార్బొరేటర్ కింది గాస్కెట్, మానిఫోల్డ్ (కార్బొరేటర్ నుంచి సిలిండర్లకి గాలి వెళ్లే గొట్టం) అతుకుల మీద నీళ్లు సన్నగా స్ప్రే చేసి చూడొచ్చు. నీరు లీక్‌ను క్షణం మూసేసరికి వేగం మారుతుంది. మండే స్ప్రేల కంటే ఇదే మేలు, ఎందుకంటే పక్కనే వేడి సైలెన్సర్ గొట్టం, స్పార్క్ వైర్లు ఉంటాయి. డిస్ట్రిబ్యూటర్ మీద మాత్రం నీరు పడనివ్వొద్దు. థ్రాటిల్ షాఫ్ట్‌ను అటూఇటూ కదిపినప్పుడు వేగం మారితే బుష్ అరిగింది. కార్బొరేటర్ నట్లు అతిగా బిగిస్తే ఫ్లాంజ్ వంగుతుంది. అప్పుడు ఎన్ని గాస్కెట్లు మార్చినా లీక్ ఆగదు.

అపోహ: టైమింగ్‌కీ ఐడిల్‌కీ సంబంధం లేదు (టైమింగ్ అంటే స్పార్క్ పడే సమయం).

వాస్తవం: స్పార్క్ ముందుకు జరిగితే అదే గాలితో ఇంజిన్ ఎక్కువ వేగం అందుకుంటుంది. చిక్కేమిటంటే ఇక్కడ ఒకటి ఇంకోదాన్ని పెంచుతుంది. వేగం పెరిగితే డిస్ట్రిబ్యూటర్‌లోని బరువులు విచ్చుకుంటాయి, స్పార్క్ ఇంకా ముందుకు జరుగుతుంది, వేగం మళ్లీ పెరుగుతుంది. స్ప్రింగులు నీరసించినా, బరువులు జిడ్డుపట్టి విచ్చుకున్నచోటే ఉండిపోయినా ఐడిల్ దిగదు. క్యాప్ తీసి రోటర్‌ను అది తిరిగే దిశలో వేళ్లతో కొద్దిగా తిప్పి వదలండి. టక్కున వెనక్కి రావాలి.

అందుకే 1,400 ఆర్‌పీఎం దగ్గర టైమింగ్ లైట్‌తో చూసిన అంకెను నమ్మొద్దు. ఆపాటికే బరువులు కొంత విచ్చుకుని ఉంటాయి. అక్కడ మాన్యువల్ చెప్పిన డిగ్రీలకి కుదిర్చితే, సరైన ఐడిల్‌లో టైమింగ్ వెనకబడుతుంది. డయాఫ్రం గొట్టం తీసి, దాని కొన మూసి, మాన్యువల్ చెప్పిన వేగానికి దించాకే చూడాలి. ఆ గొట్టాన్ని థ్రాటిల్ రేకుకి పైనున్న పోర్టుకి బదులు మానిఫోల్డ్ వ్యాక్యూమ్‌కి తగిలించినా ఐడిల్ లేస్తుంది.

వ్యాక్యూమ్ గేజ్ (మానిఫోల్డ్‌లోని పీల్పును కొలిచేది) ఉంటే పని తేలిక. మామూలు కామ్‌షాఫ్ట్ ఉన్న ఇంజిన్ సముద్రమట్టం దగ్గర సుమారు 17 నుంచి 21 అంగుళాల పాదరసం చూపాలి. ప్రతి 300 మీటర్ల ఎత్తుకి దాదాపు ఒక అంగుళం తగ్గుతుంది. ముల్లు కదలకుండా తక్కువలో నిలిస్తే లీక్ కానీ వెనకబడ్డ టైమింగ్ కానీ కారణం. వెనకబడ్డ టైమింగ్ ఐడిల్‌ను పెంచదు. కాబట్టి వేగం ఎక్కువ, ముల్లు తక్కువ అయితే ముందు లీక్ వెతకండి.

అపోహ: మిక్స్చర్ స్క్రూ (ఐడిల్ మిశ్రమాన్ని సరిచేసేది) బిగించి వేగం తగ్గించుకోవచ్చు.

వాస్తవం: అలా తగ్గించేది వేగాన్ని కాదు, మంట నాణ్యతని. చాలా కార్బొరేటర్లలో ఆ స్క్రూను మెల్లగా ఆనేదాకా తిప్పి, ఒకటిన్నర చుట్టు వెనక్కి తీస్తే మొదలుపెట్టే చోటు అదే. గట్టిగా బిగిస్తే సూది మొనకి గాడి పడుతుంది. అక్కడి నుంచి పావు చుట్టు చొప్పున తిప్పుతూ, గేజ్ ముల్లు అన్నింటికన్నా పైకి వెళ్లినచోట ఆపాలి. పూర్తిగా మూసినా ఇంజిన్ తడబడకపోతే ఇంజిన్‌కి పెట్రోలు ఐడిల్ దారిలో రావట్లేదు. థ్రాటిల్ రేకు ఎక్కువ తెరుచుకుని ట్రాన్స్‌ఫర్ స్లాట్ (థ్రాటిల్ రేకు అంచు దగ్గరి సన్నని గాడి) నుంచి పెట్రోలు లాగుతోంది. ఐడిల్‌లో రేకు కింద ఆ గాడి సుమారు అర మిల్లీమీటరే కనిపించాలి.

తాళం తీశాక కూడా ఇంజిన్ కొట్టుకుంటూ తిరగడానికి తరచుగా కారణం ఇదే, ఎక్కువ తెరుచుకున్న రేకు. పెట్రోలును తప్పుబట్టే ముందు ఇది చూడండి.

లీక్ ఆపాక వరుస ఇది: టైమింగ్, ఐడిల్ వేగం, మిక్స్చర్, మళ్లీ ఐడిల్ వేగం. చివరిసారి ఎయిర్ క్లీనర్ బిగించి చూడాలి. ఫిల్టర్ మూసుకుపోయి ఉంటే అంకె మారుతుంది.