టెక్సాస్‌లో ఓపెన్ క్యారీ: మనవాళ్ళ అపోహలు, అసలు వాస్తవాలు

డాలస్ చుట్టుపక్కల హ్యాండ్‌గన్ (పిస్టల్ లాంటి చేతి తుపాకీ) లైసెన్స్ క్లాసులు చెప్తుంటాను. ఈమధ్య వచ్చేవాళ్ళలో తెలుగువాళ్ళు బాగా పెరిగారు. బ్యాంకు గేటు దగ్గర గార్డు చేతిలో తప్ప తుపాకీ చూడకుండా పెరిగినవాళ్ళం. ఇక్కడ కిరాణా కొట్టులో పాలు కొంటున్న మనిషి నడుముకు పిస్టల్ కనిపిస్తే మొదట హడలిపోతాం. కొన్నేళ్ళు గడిచాక "మనమూ ఒకటి పెట్టుకుంటే పోలా" అంటాం. అప్పుడూ ఇప్పుడూ మన దగ్గర ఉన్నది సగం సమాచారమే.

అపోహ: టెక్సాస్‌లో ఎవరైనా తుపాకీ పెట్టుకోవచ్చు

2021 సెప్టెంబరు 1 నుంచి ఇక్కడ లైసెన్స్ లేకపోయినా చాలామంది హ్యాండ్‌గన్‌తో తిరగొచ్చు. పైకి కనిపించేలా పెట్టుకుంటే (ఓపెన్ క్యారీ అంటే ఇదే) హోల్‌స్టర్‌లో, అంటే తుపాకీ ఒరలో ఉండాలి. అయితే ఇది రాష్ట్ర చట్టం. దేశమంతటికీ వర్తించే ఫెడరల్ చట్టం వేరే ఉంది. దాని ప్రకారం హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడమే నేరం. 15 ఏళ్ళ దాకా జైలు పడొచ్చు. దేశం నుంచి పంపించేసే ప్రమాదం కూడా ఉంది. కొంటేనే కాదు, రేంజ్‌లో (కాల్పులు ప్రాక్టీస్ చేసే చోట) అద్దెకు తీసుకుని నాలుగు రౌండ్లు కాల్చినా అదే నేరం కిందికి వస్తుంది. వీకెండ్‌లో ఫ్రెండ్స్‌తో రేంజ్‌కి వెళ్ళి, తుపాకీతో దిగిన ఫొటోలు ఫేస్‌బుక్‌లో పెట్టే స్టూడెంట్లను చూస్తే నాకు టెన్షన్ మొదలవుతుంది.

"హంటింగ్ (వేట) లైసెన్స్ కొనుక్కుంటే చాలట కదా" అని వీసా మీద ఉన్నవాళ్ళు అడుగుతారు. చట్టంలో ఆ మినహాయింపు ఉన్న మాట నిజమే. కానీ టెక్సాస్ హంటింగ్ లైసెన్స్ ఏటా ఆగస్టు 31తో ముగుస్తుంది. రెన్యూవల్ మర్చిపోతే, బీరువాలో తుపాకీ కదలకుండా ఉన్నా సెప్టెంబరు 1న మీరు నేరం చేస్తున్నట్టే. ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడకుండా ఈ దారిలో అడుగు వేయకండి. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్ళకు ఈ అడ్డంకి లేదు.

అపోహ: తుపాకీ కనిపిస్తే దొంగ దగ్గరికి రాడు

క్లాసులో నేను ఎక్కువసేపు మాట్లాడేది దీని గురించే. కొందరు దొంగలు వెనక్కి తగ్గుతారేమో. తెగించి వచ్చినవాడు మాత్రం ముందు ఎవరి సంగతి చూడాలో మీ నడుము చూసి తెలుసుకుంటాడు. లేదా ఆ తుపాకీనే లాక్కుంటాడు. పోలీసులు వాడే హోల్‌స్టర్లకు ఒకటికి రెండు లాక్‌లు ఉంటాయి. వెనక నుంచి ఎవరైనా లాగితే ఎలా విడిపించుకోవాలో వాళ్ళు ప్రాక్టీస్ చేస్తారు. మామూలు జనం కొనేది బెల్టుకు తగిలించుకునే సాదా హోల్‌స్టర్. పిల్లాణ్ణి ఎత్తుకుని, ట్రాలీ తోస్తూ, బిల్లింగ్ లైన్‌లో నిలబడి ఆ పిస్టల్‌ని కాపాడుకోవడం ఎంత కష్టమో ఆలోచించండి.

2016 జులై 7న డాలస్ డౌన్‌టౌన్‌లో ఒక నిరసన ప్రదర్శన ముగింపులో ఒకడు కాల్పులు జరిపి ఐదుగురు పోలీసు అధికారులను చంపాడు. ఆ గుంపులో రైఫిళ్ళు తగిలించుకుని వచ్చినవాళ్ళు ఇరవై ముప్ఫై మంది ఉన్నారని అప్పటి పోలీస్ చీఫ్ డేవిడ్ బ్రౌన్ చెప్పారు. తూటాలు పేలగానే వాళ్ళంతా పరుగెత్తారు. అందులో మంచివాడెవరో చెడ్డవాడెవరో తెలియడం కష్టమైందని ఆయన అన్నారు. చట్టప్రకారమే రైఫిల్‌తో వచ్చిన ఒక వ్యక్తి ఫొటోను అనుమానితుడంటూ పోలీసులే ట్విట్టర్‌లో పెట్టారు. అతను స్వయంగా వెళ్ళి తుపాకీ అప్పగించాడు, అతనికి ఏ సంబంధమూ లేదని తర్వాత తేలింది. అందుకే క్యారీ చేసే హక్కు ఉన్నవాళ్ళకు కూడా, చొక్కా కింద కనిపించకుండా పెట్టుకోండనే చెప్తాను.

అపోహ: జనం దగ్గర తుపాకులు పెరిగితే నేరాలు తగ్గుతాయి

స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ జాన్ డొనహ్యూ బృందం 2019లో ప్రచురించిన అధ్యయనం దీనికి వ్యతిరేకంగా తేల్చింది. క్యారీ చట్టాలను సడలించిన రాష్ట్రాల్లో, పదేళ్ళు గడిచాక హింసాత్మక నేరాలు, సడలించకపోతే ఉండే స్థాయి కంటే 13-15 శాతం ఎక్కువగా ఉన్నాయని దాని అంచనా. అది ప్రధానంగా కన్సీల్డ్ క్యారీ (తుపాకీ కనిపించకుండా పెట్టుకోవడం) మీద చేసినది, ఓపెన్ క్యారీకి నేరుగా అంటగట్టకూడదు. ఇంటి బయట తుపాకీ పెట్టుకోవడం రాజ్యాంగ హక్కేనని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది, దాన్ని నేను గౌరవిస్తాను. కానీ హక్కు ఉన్నంత మాత్రాన క్షేమం దానంతట అదే రాదు.

అపోహ: లైసెన్స్ అక్కర్లేనప్పుడు క్లాసు ఎందుకు?

లైసెన్స్ పరీక్షలో 3, 7, 15 గజాల దూరాల నుంచి 50 రౌండ్లు కాల్చాలి, 70 శాతం వస్తే పాస్. రేంజ్‌లో, ప్రశాంతంగా, కాగితం మీదకు కాల్చేటప్పుడే చేతులు వణికేవాళ్ళు ఎంతోమంది. పైగా స్కూలుకు 1000 అడుగుల లోపు లోడ్ చేసిన తుపాకీతో వెళ్తే ఫెడరల్ చట్టం అడ్డొస్తుంది. రాష్ట్ర లైసెన్స్ ఉన్నవాళ్ళకు అందులో మినహాయింపు ఉంది. పిల్లల్ని స్కూల్లో దింపే తల్లిదండ్రులకు ఈ ఒక్క కారణం చాలు.

అపోహ: గుడిలోకి తుపాకీ ఎలాగూ తేకూడదు

టెక్సాస్‌లో ప్రార్థనా స్థలాలకు దానంతట అదే వర్తించే నిషేధం లేదు. వద్దనుకుంటే కమిటీవాళ్ళే నోటీసు పెట్టాలి. తుపాకీ బొమ్మ మీద ఎర్రగీత ఉన్న స్టిక్కర్ లైసెన్స్ ఉన్నవాళ్ళకు చెల్లదు. టెక్సాస్ పీనల్ కోడ్ (శిక్షాస్మృతి) 30.06 (కనిపించకుండా తెచ్చేవాళ్ళకు), 30.07 (కనిపించేలా తెచ్చేవాళ్ళకు) సెక్షన్లలోని మాటలే ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ, కనీసం అంగుళం ఎత్తు అక్షరాల్లో రాసి పెట్టాలి. లైసెన్స్ లేనివాళ్ళకు 30.05 బోర్డు వేరే ఉంది. మూడూ పెట్టించండి. బోర్డు లేకపోయినా, కమిటీ తరఫున బాధ్యత ఉన్నవాళ్ళు నోటితో వెళ్ళిపొమ్మంటే వెళ్ళాల్సిందే.

షాపులో ఎవరి దగ్గరైనా తుపాకీ కనిపిస్తే 911కి ఫోన్ చేయాలా అని చాలామంది అడుగుతారు. హోల్‌స్టర్‌లో ఉండి, మనిషి తన పని తాను చూసుకుంటుంటే అది నేరం కాదు. ఇబ్బందిగా ఉంటే బయటికి వచ్చేయండి. తుపాకీ చేతిలోకి తీసుకున్నా, బెదిరిస్తున్నా ముందు మీరు దూరంగా వెళ్ళి, అప్పుడు ఫోన్ చేయండి. అతను ఏం వేసుకున్నాడు, ఎటు వెళ్తున్నాడు, చేతులతో ఏం చేస్తున్నాడు అన్నవి చెప్పండి. పోలీసులు వచ్చేసరికి మీ చేతిలో మాత్రం తుపాకీ ఉండకూడదు.